పిల్లల బొమ్మ పిల్లల్నే వెయ్యనివ్వండి



మన సంఘం ఉగాది వేడుకల్లో చిన్నపిల్లల చిత్రలేఖనం పోటీ ఫలితాలు చెప్పిన దగ్గర్నుంచి మన వాట్సాప్ గ్రూపులో నడిచిన వాదన అందరికీ తెలిసిందే. కొందరు బాగా నొచ్చుకున్నారు. ఆ తగవు మళ్లీ తవ్వను. కానీ చెప్పాల్సిన మాట చెప్పకుండా ఈ సంచికను అచ్చుకు పంపలేను.

అంశం ‘మా అమ్మమ్మగారి ఊరు’. వచ్చినవాటిలో చాలా బొమ్మలు పిల్లలు వేసినవి కావు. కొన్నింటి మీద పెద్దల చెయ్యి పడింది. కొన్ని ఏఐ చేత గీయించినవి. ఒకదాంట్లో కొల్లేటి వెనక కొండలు, నీళ్లలో హంసలు! ఏలూరు నుంచి కైకలూరు దాకా సరస్సు గట్టున కొండ ఎక్కడుందండీ? ఆ ఊళ్లలో పెరిగిన మనమే ఇలాంటివి పంపిస్తే ఎలా?

బహుమతి రాని బొమ్మల్లో ఒకటి నా బల్ల మీద ఉంది. వేసింది ఆరేళ్ల పాప. సెలవులకు వెళ్లినప్పుడు కొల్లేటి ఒడ్డున ఆటపాకలో గూడబాతును చూసిందట. కాగితంలో సగం మేర ముక్కు కింది సంచే. సంచిలో మూడు చేపలు, మూడింటికీ గుండ్రటి కళ్లు. పక్కనున్న పడవ పక్షి కాలంత కూడా లేదు. ఆ వయసులో పిల్లలు కొలతలు చూసి గీయరు, మనసుకు పట్టినదాన్ని పెద్దదిగా గీస్తారు. మనం పెన్సిల్ లాక్కుని సరిదిద్దామా, మర్నాటి నుంచి “నాకు రాదు, నువ్వే వెయ్యి” అంటారు. ఈ మాట వినని ఇల్లు మనలో ఉందా?

సంగీతం దగ్గరా ఇదే తొందర. ఆదివారం తరగతిలో సరళీ స్వరాలు మొదలై నెల తిరక్కుండానే “స్టేజీ మీద కీర్తన ఎప్పుడు పాడిస్తారు?” అని టీచర్ని నిలదీస్తున్నాం. మాయామాళవగౌళలో సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, ఆ తర్వాతే గీతాలు. పురందరదాసు ఏర్పరచారని చెప్పే వరస ఇది. తొడ మీద ఆదితాళం వేస్తూ అవే స్వరాలు మూడు కాలాల్లో పాడితేనే గొంతు శ్రుతిలో నిలుస్తుంది, చేతికి లయ కుదురుతుంది. గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల విజయనగరం వెళ్లి, మధుకరం ఎత్తుకుని కడుపు నింపుకుంటూ పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర పాట నేర్చుకున్నారు. మన పిల్లలకు అన్నానికి లోటు లేదు, గురువుకు లోటు లేదు. మనం వాళ్లకు ఇవ్వనిది తీరిక ఒక్కటే.

వేసవికి ఇక్కడికి వచ్చే అమ్మమ్మలకు, నాయనమ్మలకు ఒక మనవి. గ్యారేజీ ముందు సిమెంటు మీద ఏడు నుంచి నాలుగుకు సందు చుక్క పెట్టి, సుద్దముక్క మనవరాలి చేతికివ్వండి. మనవడికీ ఇవ్వండి. గీత తప్పితే చెరిపి మళ్లీ వేసుకుంటారు, మీరు దిద్దొద్దు. ధనుర్మాసంలో తాడేపల్లిగూడెం వీధుల్లో మన చేతులు తిరిగింది అలాగే కదా.

ఇక మన ఊళ్లలోని పిల్లల సంగతి. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి పైగా పిల్లలున్న బడికే కళావిద్య కోసం పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలని చెప్పింది. ఒకటి నుంచి ఐదు తరగతులకు అదీ లేదు. బొమ్మ, పాట బాగా అంటుకునే వయసేమో అదే. కొల్లేటి లంకల్లో పదుల సంఖ్యలో పిల్లలున్న బడికి డ్రాయింగ్ మాస్టారు ఎక్కణ్ణుంచి వస్తారు? అందుకే ఈ ఏడాది కొన్ని లంక గ్రామాల ప్రాథమిక పాఠశాలల్లో వారానికి ఒకరోజు బొమ్మలు, పాటలు నేర్పేవారి గౌరవవేతనం మన సంఘం భరించాలని కార్యవర్గం తీర్మానించింది. రంగులు, కాగితాలు పంపడం ఎలాగూ ఉంది. మనిషి లేకపోతే ఆ రంగులు బీరువాలోనే ఉండిపోతాయి.

ఇకపై పదేళ్లలోపు వారికి పోటీ ఉండదు, బహుమతులూ ఉండవు. అందరూ హాల్లోనే కూర్చుని వేస్తారు, అందరి బొమ్మలూ గోడకు అంటిస్తాం. తల్లిదండ్రులు దయచేసి బయటే ఉండండి.

 సభ్యత్వ రుసుము బకాయి ఉన్నవారు ఈ నెలలోనే కట్టండి, లంక బడుల ఖర్చు అందులోంచే సాగాలి. వచ్చే సంచికకు రచనలు జూన్ నెలాఖరులోగా అందాలి. పిల్లల బొమ్మలు కూడా పంపండి, ఒక్క గీతా దిద్దకుండా.

మీ
సంపాదకుడు