ఆపేవాడి ఆట

ఫుట్‌బాల్ మ్యాచ్ అయిపోగానే ఎవరు గోల్ కొట్టారని అడుగుతాం. ఎవరు ఆపారని మాత్రం అడగం. అందుకే మన పిల్లలు కూడా బంతి దొరికితే ముందుకే పరుగెత్తుతారు. వెనక నిలబడమంటే మొహం మాడ్చుకుంటారు. అలా వెనక నిలబడే దేశానికి కెప్టెన్ అయిన హైదరాబాదీ ఒకాయన ఉన్నారు. పేరు సయ్యద్ నయీముద్దీన్.

ఆయన పుట్టింది 1944లో. ఫుట్‌బాల్ అంటే అప్పట్లో కలకత్తా తర్వాత చెప్పుకునే పేరు హైదరాబాదే. ఇక్కడి సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టుని నడిపిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఒకప్పుడు బడిపంతులు. 1951లోనూ 1962లోనూ మన దేశానికి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిపెట్టి, 1963లో క్యాన్సర్‌తో కన్నుమూశారు. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా ఆయన కథే.

ఇంట గెలిచి రచ్చ గెలవాలంటారు కదా. నయీముద్దీన్ కూడా ఇక్కడ ఆడి, కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ జట్లకు ఆడారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో ఆయన కెప్టెన్‌గా ఉన్న జట్టు జపాన్‌ని 1-0తో ఓడించి కాంస్యం గెలిచింది. ఆ తర్వాత 2023 హాంగ్‌జౌ క్రీడల దాకా ఫుట్‌బాల్‌లో మనకు మరో పతకం రాలేదు. 1970లోనే ఆయనకు అర్జున అవార్డు వచ్చింది.

ఆట మానేశాక కోచ్ అయ్యారు. అది డిఫెండర్‌కి అచ్చొచ్చే పనే. గోల్ కొట్టేవాడి చూపు గోల్‌పోస్టు మీదుంటే, వెనక నిలబడ్డవాడికి మైదానమంతా కనిపిస్తుంది. ఎవడు ఎక్కడ ఖాళీ వదిలాడో చూసి కేకేసి చెప్పేది అతనే. 1990లో నయీముద్దీన్ శిక్షణలో ఈస్ట్ బెంగాల్ ఒకే సీజన్‌లో ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ మూడూ గెలిచింది. ఆ ఏటి ద్రోణాచార్య అవార్డూ ఆయనదే. 1997లో భారత జట్టు శాఫ్ కప్ గెలిచినప్పుడు కోచ్ ఆయనే. క్రమశిక్షణ దగ్గర మాత్రం చండశాసనుడని పేరు.

ఇక మూడో మెట్టు ఏజెంటుగా మారడం. 1994 ప్రపంచకప్‌లో మూడో స్థానం పొందిన స్వీడన్ జట్టు డిఫెండర్ రోజర్ యుంగ్ తర్వాత ఏజెంట్ అయ్యాడు. నయీముద్దీన్ ఆడే రోజుల్లో మనకు ఏజెంట్లనే మాటే లేదు. కలకత్తా క్లబ్బుల మనుషులే వచ్చి ఆటగాళ్లను తీసుకెళ్లేవారు. ప్రత్యర్థి క్లబ్బు ఎగరేసుకుపోకుండా సంతకాల రోజు దాకా దాచిపెట్టేవారు కూడా.

ఇప్పుడు ఏజెంటు అవసరమే. క్లబ్బుల జాతకాలు అంత త్వరగా మారుతున్నాయి. 2019లో వచ్చి, 2022లో ఐఎస్ఎల్ ట్రోఫీ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయింది. అలాంటప్పుడు ఆటగాడి చేతిలో మిగిలేది అతను సంతకం పెట్టిన కాగితమే.

జనగామలోనో మహబూబాబాద్‌లోనో పిల్లవాడు బాగా ఆడుతున్నాడనుకోండి. రైలెక్కితే సికింద్రాబాద్‌లో దిగుతాడు. భూపాలపల్లి కుర్రాడైతే ముందు బస్సులో వరంగల్ రావాలి. అంత దూరం నుంచి వచ్చేవాడికి 'పెద్ద క్లబ్బులో ట్రయల్ ఇప్పిస్తాను, ముందు కొంత డబ్బు కట్టండి' అని ఫోనొస్తే ఆశ పుట్టడం సహజం. కానీ తొందరపడకండి. 2015లో ఎత్తేసిన ఏజెంట్ల లైసెన్సులను ఫిఫా 2023లో పరీక్ష పెట్టి మళ్లీ తెచ్చింది. ఆ పేరు జాబితాలో ఉందో లేదో చూడండి. మైనర్ పిల్లవాడితో మాట్లాడాలంటే ఏజెంటుకు తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి ఉండాలి. ఏజెంటు ఫీజు మామూలుగా ఒప్పందం కుదిరాక వచ్చే జీతంలోంచి పోతుంది తప్ప, ముందుగా నాన్న జేబులోంచి కాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వకండి. చదవని కాగితం మీద సంతకం పెట్టకండి.

మైదానంలో పిల్లవాడు ఏ స్థానంలో ఆడినా సరే. సంతకం దగ్గర మాత్రం అమ్మానాన్నలే డిఫెండర్లు.