లేడీస్ టైలర్ చూసి నవ్వు రాలేదు, ఏం చెయ్యను!

'లేడీస్ టైలర్' నచ్చలేదని గోదావరి జిల్లాల్లో అనాలంటే కాస్త ధైర్యం కావాలండీ. వంశీ గారు మా పసలపూడి మనిషి, ఆ కొబ్బరిచెట్లూ కాలవలూ మావి, ఆ మాటా మాదే. పైగా 1986లో వచ్చి రాజేంద్రప్రసాద్‌ని హీరోగా నిలబెట్టిన సినిమా. అయినా అనేస్తున్నాను. డీవీడీ తెచ్చుకుని పిల్లలతో కూర్చుని చూస్తే నాకు నిరాశే మిగిలింది.

బాగున్నవి ముందు చెప్పాలి. ఇళయరాజా పాటలకి వంక పెట్టడానికి లేదు. ఊరు ఊరులాగే ఉంటుంది, ఇళ్లు ఇళ్లలాగే ఉంటాయి. తనికెళ్ల భరణి రాసిన మాటలు చెవికి పసందుగా ఉంటాయి. నా పేచీ అంతా కథతోనే.

సుందరం చేతిలో పనితనం ఉంది గానీ ఒళ్లు వంగదు. తొడ మీద పుట్టుమచ్చ ఉన్న అమ్మాయిని చేసుకుంటే దశ తిరుగుతుందని జోస్యం విన్నాడు. ఇంక ఊళ్లో ఆ మచ్చ ఎవరికుందో కనిపెట్టడమే అతని పని. కనిపెట్టాలంటే దగ్గరవ్వాలి, దగ్గరవ్వాలంటే ప్రేమ నటించాలి. ఒకామెకి మచ్చ లేదని తేలగానే ఇంకొకామె వైపు మళ్లుతాడు. మనం నవ్వాల్సింది అక్కడే.

అసలు టైలరు అంటే మనకెవరండీ? మన అమ్మలు జాకెట్టు కుట్టించుకోవాలంటే ఆది జాకెట్టు పట్టుకెళ్లేవారు, టేపు ఒంటి మీద పడే అవసరం లేకుండా. కొట్టు గుమ్మంలో నిలబడి, చేతులు ఒక అంగుళం పొడుగు, మెడ మరీ కిందకి వద్దు అని చెప్పి వచ్చేసేవారు. ఎవరు ఒళ్లు చేశారో, ఎవరు కొత్తవి కుట్టించుకోలేక పాత జాకెట్టుకే కుట్లు విప్పించుకుంటున్నారో ఊళ్లో అందరికంటే ముందు తెలిసేది అతనికే. తెలిసినా పైకి అనడు. ఆ నమ్మకం మీదే అతని మిషను నడుస్తుంది. అలాంటి మనిషి ఆ నమ్మకాన్నే ఎర వేస్తుంటే నాకు నవ్వు ఎక్కడినుంచి వస్తుంది? పల్లెటూళ్లో ఒక పిల్ల పేరు నలుగురి నోళ్లలో పడితే వచ్చిన సంబంధం వెనక్కిపోతుంది. మగవాడికి అది సరదా కబురు, ఆ పిల్లకి జీవితం.

హాల్లో అయితే పక్కవాళ్లు నవ్వారని మనమూ నవ్వేస్తాం. ఇంట్లో అలా కాదు. లైటు వెలుగుతూనే ఉంటుంది, ఒక పక్క ఇంటర్ చదివే కొడుకు, ఇంకో పక్క తొమ్మిదో క్లాసు కూతురు. వాడు పడీపడీ నవ్వాడు. వాణ్ణి ఏమనగలం, సినిమాయే నవ్వమంటోంది. అమ్మాయి మాత్రం సుజాత టీచర్ దగ్గరికి కథ వచ్చాక, "ఆవిడకి ఆ మచ్చ లేకపోతే ప్రేమించేవాడా అమ్మా?" అంది. సినిమా అడగాల్సిన ప్రశ్న అదే కదా! చివర్లో హీరోకి బుద్ధి వచ్చి అంతా సుఖాంతమైనా ఆ ప్రశ్నకి నాకు సమాధానం దొరకలేదు.

ఆ సుజాతగా వేసింది అర్చన. తర్వాత తమిళ 'వీడు'కీ, తెలుగు 'దాసి'కీ వరుసగా రెండుసార్లు జాతీయ ఉత్తమ నటి అవార్డు అందుకున్న మనిషి. అంత నటిని పెట్టుకుని, ఆమె మనసులో ఏముందో చూపించడానికి ఇంకాస్త చోటిస్తే కథ ఎంత నిండుగా ఉండేదో!

సరదా సినిమాని సరదాగా చూడక ఈ లెక్కలేమిటి అన్నారు మా వారు. సరదా నాకూ ఇష్టమే. వంశీ గారే 1991లో ఇదే రాజేంద్రప్రసాద్‌తో 'ఏప్రిల్ 1 విడుదల' తీశారు. అబద్ధాలతో అమ్మాయిని మెప్పించబోయినవాడు నిజాలే చెప్పాలన్న ఒప్పందంలో ఇరుక్కుని నానా పాట్లూ పడతాడు. అది చూస్తూ ఇంటిల్లిపాదీ కడుపు పట్టుకుని నవ్వుకున్నాం. అందులో మోసం చేసినవాడి మెడకే ఆ మోసం చుట్టుకుంటుంది. ఇందులో మోసపోయినవాళ్లని చూసి నవ్వమంటారు. తేడా అంతే, కానీ చిన్న తేడా కాదు.

ఈ సినిమా పిల్లలకి చూపించొద్దని నేననను. దాచిపెడితే ఇంకెక్కడో చూస్తారు. పక్కన కూర్చునే చూడండి. కొడుకు నవ్విన చోట రిమోటు నొక్కి, ఆ అమ్మాయి మన ఇంటి పిల్లయితే ఏమనుకుంటావని ఒక్క మాట అడగండి. మా వాడు వెంటనే ఏమీ అనలేదు. చెల్లెలి వైపు ఓసారి చూసి ఊరుకున్నాడు. నాకు అది చాలు.