లెన్స్ పొడవు పెరిగింది, దూరం మాత్రం తగ్గింది

2024 డిసెంబరు 31న మహారాష్ట్రలోని ఉమ్రేడ్ కర్హండ్లా అభయారణ్యంలో ఒక ఆడపులి, దాని ఐదు పిల్లలు దారి మధ్యలో చిక్కుబడిపోయాయి. చుట్టూ సఫారీ జీపులు, వాటి నిండా ఫోన్లు, కెమెరాలు. ఆ వీడియో బయటికొచ్చాక బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి తనంతట తానుగా కేసు చేపట్టింది. ఆ తర్వాత 2025 నవంబరులో కార్బెట్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు, పులుల అభయారణ్యాల కోర్ ప్రాంతంలోని పర్యాటక జోన్లలో మొబైల్ ఫోన్లు వాడకూడదంది.

ఫోన్లను ఆపడంలో అర్థముంది. ఫోన్‌తో పులిని తీయాలంటే జీపు దాని పక్కకు పోవాల్సిందే. మరి పెద్ద లెన్సుల సంగతేమిటి? టెలిఫోటో ఉన్నదే దూరం నుంచి తీయడానికి. ఒకప్పుడు కొద్దిమంది వృత్తి ఫొటోగ్రాఫర్ల దగ్గరే కనిపించిన 600 ఎంఎం ఇప్పుడు 150-600 జూమ్ రూపంలో లక్ష రూపాయలకు అటూఇటుగా దొరుకుతోంది. లెన్స్ పొడవైన కొద్దీ మనిషి వెనక్కి జరగాలి. జరుగుతున్నది అది కాదు.

కారణం ఒక చిన్న లెక్కలో ఉంది. హిందీలో నవరంగ్ అని పిలిచే ఇండియన్ పిట్టా పొడవు సుమారు 18 సెంటీమీటర్లు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 600 ఎంఎం బిగించినా, ఫొటో వెడల్పులో సగం ఆ పిట్టే కనిపించాలంటే ఆరున్నర మీటర్ల దగ్గరికి వెళ్లాలి. అంటే ఒక పెద్ద గదికి ఈ చివర మనం, ఆ చివర పిట్ట. అదే 25 మీటర్ల నుంచి తీస్తే? 45 మెగాపిక్సెళ్ల కెమెరాలో పిట్ట ఒక్కదానికే దాదాపు వెయ్యి పిక్సెళ్ల వెడల్పు దక్కుతుంది. ఫోన్ తెరపై చూసే ఫొటోకు అది చాలు. గుబురు చెట్ల కింద వెలుతురు తక్కువుంటే క్రాప్ చేసిన ఫొటోలో నాయిస్ కనిపిస్తుంది, నిజమే. ఈకల వివరం కూడా కొంత పోతుంది. ఆ కొంత కోసమే మిగతా 18 మీటర్లూ నడిచేస్తున్నారు. నేనూ నడిచినవాణ్నే, గొప్పలు చెప్పుకోను.

నడవడం కుదరని చోట పిట్టనే రప్పిస్తున్నారు. హైడ్‌లలో నీటి గుంటలు, పళ్లు, పురుగులు పెడతారు. గుడ్లు పెట్టే కాలంలో స్పీకర్‌లో మగపిట్ట కూత వినిపిస్తారు. తన హద్దులోకి ఇంకో మగది వచ్చిందనుకుని అది మేత మాని, గూడు వదిలి కొమ్మ మీదికి వస్తుంది. ఫొటో అద్భుతంగా ఉంటుంది.

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో 'వేట' అనే మాటకిచ్చిన నిర్వచనం ఫొటోగ్రాఫర్లు ఒకసారి చదవాలి. చంపడం, పట్టుకోవడమే కాదు, ఎర వేయడం, పక్షుల గుడ్లను, గూళ్లను చెదరగొట్టడం కూడా అందులో ఉన్నాయి. 2022 సవరణ ప్రకారం అభయారణ్యంలో పర్మిట్ మీద ఫొటోలు తీసేవారు ఆవాసాన్ని మార్చకూడదు, జంతువులకు హాని కలిగించకూడదు. గేటు, గార్డు ఉన్నచోట ఇదంతా పనికొస్తుంది.

గేటు లేని చోటే చిక్కు. లెస్సర్ ఫ్లోరికన్‌నే చూడండి. ఒకప్పుడు మన రోళ్లపాడు గడ్డిభూముల్లోనూ కనిపించిన పక్షి ఇది. ఇప్పుడు అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జాబితాలో ఉంది. రాజస్థాన్‌లో అజ్మీర్ దగ్గరి శోకలియా ప్రాంతంలో వానాకాలం పొలాల మధ్య మగది ఆడపక్షికి కనబడేందుకు గడ్డిపైకి పదేపదే ఎగిరి దూకుతుంది. సంతానానికి దానికున్న అదును ఆ కొద్ది వారాలే. సరిగ్గా ఆ ఎగురు కోసమే జీపులు పొలాల్లోకి దిగుతాయి. అక్కడ టికెట్ లేదు, లెక్క లేదు, హద్దు గీసేవారూ లేరు.

ఈ-బర్డ్ ఇలాంటి సున్నిత జాతుల కచ్చితమైన చోటును అందరికీ చూపదు. అయినా గైడ్ల వాట్సాప్ గ్రూపుల్లో లొకేషన్ సాయంత్రానికే తిరుగుతుంది. ఫొటోలకు బహుమతులిచ్చే సంస్థలు గూళ్ల ఫొటోలను, ఎర వేసి తీసినవాటిని తిప్పి పంపితే ఆ లొకేషన్ విలువ కొంతైనా పడిపోతుంది. అలా తిప్పి పంపే పోటీలు ఇప్పటికే ఉన్నాయి. కోర్టు తీర్పు అక్కర్లేని పని ఇది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఊళ్లోని చెట్లమీదే గూడబాతులు గూళ్లు కడతాయి. అక్కడ పక్షిని తీయడానికి 600 ఎంఎం కూడా అక్కర్లేదు, వీధిలో నిలబడితే చాలు. ఇన్నేళ్లూ ఊరు వాటి జోలికి పోలేదు కాబట్టే అవి ఏటా వచ్చి అంత దగ్గర వాలుతున్నాయి.