మీ వాళ్ళలో ఒక్కరైనా ఉన్నారా అని అడిగిన పెద్దాయనకి మా జవాబు

నిడదవోలు హాస్టల్ నుంచి రాస్తున్నాం. పోస్టు పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మొన్న ఒక కెరీర్ మీటింగ్‌కి వెళ్ళాం. మాలో ముగ్గురం బీఎస్సీ ఫిజిక్స్. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్ళం. ఎమ్మెస్సీ చేసి కణ భౌతికశాస్త్రంలో రీసెర్చ్ చేయాలని ఉందని చెప్పాం. స్టేజీ మీదున్న ఒక పెద్దాయన నవ్వి, ఫోన్‌లో ఒక సైంటిస్టు పేజీ చూపించాడు. వెయ్యికి పైగా పేపర్లు, లక్షకు పైగా సైటేషన్లు. "రీసెర్చ్ అంటే ఇదీ. మీ వాళ్ళలో ఇలాంటోళ్ళు ఒక్కరైనా ఉన్నారా? గ్రూప్స్‌కి ప్రిపేరవ్వండి" అన్నాడు. హాల్లో చప్పట్లు కొట్టారు. మాకు నోట మాట రాలేదు. హాస్టల్‌కొచ్చి ఆ అంకెల సంగతేంటో వారం రోజులు చదివాం. ఇప్పుడు మాట్లాడతాం.

సైటేషన్ అంటే ఒకరి పేపర్‌ని ఇంకొకరు తమ పేపర్లో ప్రస్తావించడం. హెచ్ ఇండెక్స్‌ని 2005లో హిర్ష్ అనే ఫిజిసిస్టు పెట్టాడు. ఒక్కోటీ కనీసం 20 సార్లు ప్రస్తావనకొచ్చిన పేపర్లు 20 ఉంటే హెచ్ ఇండెక్స్ 20. అంతవరకు బాగానే ఉంది.

కానీ వెయ్యి పేపర్లు ఒక మనిషి రాసేస్తాడా? 2015లో సెర్న్‌లోని అట్లాస్, సీఎంఎస్ బృందాలు కలిసి హిగ్స్ కణం ద్రవ్యరాశి మీద ఒక పేపర్ వేశాయి. రచయితలు 5,154 మంది. 33 పేజీల్లో సైన్సుకి 9 పేజీలు, మిగతా 24 పేర్లకీ సంస్థలకీ. అంత పెద్ద యంత్రానికి అంతమంది కావాలి, వాళ్ళ కష్టాన్ని మేం తక్కువ చేయడం లేదు. పేర్లు మాత్రం ఇంగ్లీషు అక్షరక్రమంలో ఉంటాయి. అందుకే అట్లాస్ పేపర్లు చాలావరకు 'ఆద్ తదితరులు' అనే కనిపిస్తాయి.

మన యూజీసీ 2018 నిబంధనలు చూడండి. ఇద్దరికి మించి రాస్తే మొదటి రచయితకి 70 శాతం మార్కులు, మిగతా ఒక్కొక్కరికీ 30 శాతం. 5,154 మందికి లెక్కేస్తే ఒక్క పేపర్‌కి దాదాపు 1,546 పేపర్ల మార్కులు పుడతాయి. 70 శాతం మాత్రం అక్షరమాలలో ముందున్నాయనకి! ఈ తూకంతోనా మమ్మల్ని తూచేది?

ఆ హిగ్స్ కణానికి పేరిచ్చిన పీటర్ హిగ్స్ సంగతి వినండి. 1964లో ఆయన రాసిన పేపర్‌ని మొదట ఒక పత్రిక తిప్పి పంపింది. ఆ తర్వాత జీవితమంతా కలిపి రాసినవి పదిలోపే. 2013లో నోబెల్ వచ్చాక, ఈరోజుల్లో అయితే నాకు ఉద్యోగమే ఇవ్వరు అన్నాడాయన. పెద్దాయన ఫోన్‌లో హిగ్స్ కూడా ఫెయిలే.

ఇంకొకటి మన పక్కది. చిత్తూరు జిల్లా దాటితే కోలార్ బంగారు గనులు. భూమికి రెండు కిలోమీటర్లకు పైగా లోతున, 1965లో, వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టారు. బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్, ఒసాకా, డర్హమ్ వాళ్ళు కలిసి చేసిన పని. దక్షిణాఫ్రికా గనిలో పనిచేసిన బృందం కంటే కొద్ది రోజుల ముందే పేపర్ వచ్చింది. ఆ పేపర్‌ని ఇప్పటికీ ప్రస్తావిస్తారు. ఆ లోతు తవ్వింది ఎవరు? తరతరాలుగా గనిలో దిగిన తమిళ, తెలుగు కూలి కుటుంబాలు. రచయితల పట్టికలో వాళ్ళ పేరు లేదు. పట్టికలో లేకపోతే పనిలో లేనట్టా?

సైటేషన్లు దండగ అని మేం అనడం లేదు. నలుగురికి పనికొచ్చిందని చెప్పడానికి అదొక గుర్తు. కానీ అది లోపలున్నవాళ్ళ లెక్క. గేటు బయట నిలబెట్టినోళ్ళని పట్టుకుని నీ స్కోరెంత అంటే, ఈతకి దిగనివ్వకుండా మునిగిపోతావు అన్నట్టుంది.

గేటు సంగతీ చూద్దాం. 2015 నుంచి 2019 వరకు ఐఐటీల్లో పీహెచ్‌డీలో చేరినవాళ్ళలో ఎస్టీలు 2.1 శాతం. చట్టం చెప్పింది 7.5. మిగతా సీట్లేమయ్యాయి అని అడిగితే 'తగిన అభ్యర్థి దొరకలేదు' అంటారు. పోలవరం ముంపు లెక్కల్లో మన ఊళ్ళు దొరికాయి, మనవాళ్ళు దొరికారు. పీహెచ్‌డీ సీటు దగ్గరకొచ్చేసరికి దొరకలేదట!

మేం అడిగేది రెండే. ఖాళీ సీట్లు నింపండి, నింపకపోతే ఎందుకో రాతపూర్వకంగా చెప్పండి. పోస్టులిచ్చేటప్పుడు పేపర్లు లెక్కపెట్టడం కాదు, చదవండి.

మనవాళ్ళకీ ఒక మాట. ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. గ్రూప్స్ రాసేవాళ్ళు రాయండి, మంచిదే. ఫిజిక్స్ అన్నవాణ్ణి చూసి మాత్రం నవ్వకండి. ఎమ్మెస్సీకి జామ్ పరీక్ష ఉంది. పీహెచ్‌డీలో చేరిన ఎస్టీ విద్యార్థులకు ఏటా 750 జాతీయ ఫెలోషిప్పులున్నాయి. సీనియర్లు నోటిఫికేషన్ రాగానే ఈ గ్రూపులో పెట్టండి, పాత పుస్తకాలు హాస్టల్‌కి పంపండి.

మీ వాళ్ళలో ఒక్కరైనా ఉన్నారా అన్నారు కదా సారూ. ముగ్గురం దరఖాస్తు పెడుతున్నాం.

జై ఆదివాసీ.
నిడదవోలు హాస్టల్ విద్యార్థులం