రూపం లేని గాలికి సాక్ష్యం

వాయువుకు స్పర్శ ఉన్నది కాని రూపం లేదని భారతీయ తర్కశాస్త్రం చెప్పింది. కంటికి కనిపించని దాని విషయంలో మనిషికి ఉదాసీనత ఎక్కువ. చెరువులో మురికి చేరితే ఊరంతా చూస్తుంది. గాలిలో విషవాయువు చేరితే ఊపిరితిత్తులకు తప్ప మరెవరికీ తెలియదు. ఈ లోపాన్ని తీర్చిన సాధనమే పరారుణ వర్ణపట విశ్లేషణ.

సూర్యకాంతిలో ఎరుపు రంగుకు ఆవల కంటికి అందని కిరణాలు ఉన్నాయని 1800లో విలియం హెర్షెల్ కనుగొన్నాడు. ఇవే పరారుణ కిరణాలు. బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి వంటివి ఈ కిరణాలను పీల్చుకొంటాయని 1859లో జాన్ టిండాల్ ప్రయోగాలు నిరూపించాయి. ఈ విధంగా పీల్చుకొనే ప్రతి వాయువుకూ తనవైన తరంగదైర్ఘ్యాలు ఉంటాయి. వర్ణపటంలో ఏయే చోట్ల వెలుగు తగ్గినదో చూస్తే వాయువు పేరు తెలుస్తుంది. ఎంత తగ్గినదో కొలిస్తే దాని పరిమాణం తెలుస్తుంది. మనిషికి వేలిముద్ర ఎటువంటిదో వాయువుకు వర్ణపటం అటువంటిది.

రంగారెడ్డి జిల్లా షాద్‌నగర్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం శాస్త్రజ్ఞులు పరారుణ లేజరు పరికరంతో 2014లో గాలిని పరిశీలించారు. బొగ్గుపులుసు వాయువు సగటున పది లక్షల పాళ్లకు 394 పాళ్లు ఉన్నది. అది వేసవిలో హెచ్చింది. పైరుపచ్చలు పెరిగే వానకాలంలో తగ్గింది. మధ్యాహ్నం కంటే రాత్రివేళ ఎక్కువగా కనిపించింది. పచ్చదనం విలువను ఆ అంకెలే చాటుతున్నాయి.

అదే జిల్లాలో, మొయినాబాద్ మండలంలో హిమాయత్‌నగర్ ఉన్నది. ఈ ప్రాంతపు జంట జలాశయాల రక్షణకై 1996లో పది కిలోమీటర్ల పరిధిలో కాలుష్య పరిశ్రమలను నిషేధిస్తూ ప్రభుత్వం ఉత్తర్వు జారీచేసింది. 2022లో ఆ ఆంక్షలను తొలగిస్తూ మరొక ఉత్తర్వు వెలువడింది. నీటికి హద్దు గీయవచ్చు, చెరపవచ్చు. గాలికి ఏ హద్దూ లేదు. నగరం విస్తరించిన తరువాత కొలిస్తే, పోయినది ఎంతో చెప్పడానికి ఆధారమే ఉండదు. కనుక ఇటువంటి పల్లెల గాలిని ముందుగానే, ఏడాది పొడవునా కొలిచి, ఆ లెక్కలను గ్రామసభ ముందు ఉంచాలి.

కొలిచినంత మాత్రాన గాలి శుభ్రపడుతుందా అని కొందరు ప్రశ్నిస్తారు. నాడి చూసినంత మాత్రాన రోగం నయం కాదు. అయినా నాడి చూడకుండా మందిచ్చే వైద్యుడిని ఎవరూ నమ్మరు.

ఈ విద్య ప్రయోగశాలకే పరిమితమైనది కాదు. రహదారి పక్కన పెట్రోలు వాహనాల పొగను పరీక్షించే యంత్రం కూడా పరారుణ కిరణాలతోనే కార్బన్ మోనాక్సైడును కొలుస్తుంది. పరీక్ష జరగకుండానే ధ్రువపత్రం పుచ్చుకొనేవాడు యంత్రాన్ని కాదు, తన ఊపిరినే మోసగించుకొంటున్నాడు. యంత్రం సత్యం చెబుతుంది. దానిని వినే నిజాయితీ మనిషికి ఉండాలి. వాహనం నడపనారంభించే యువత ఆ నిజాయితీని తొలినాటి నుండే అలవరచుకోవడం అవసరం.