గొర్రెలకు ఆవుల లెక్క సరిపోదు

తెలంగాణ గొర్రెల పంపిణీ పథకం వార్తల్లోకి వచ్చిందంటే ఏసీబీ కేసులు, ఈడీ సోదాలు, దారిమళ్లిన సొమ్ము తప్ప మరో ముచ్చట ఉండదు. వీర్య బ్యాంకుల ప్రస్తావన వస్తే, ఆవులకు వేసే సూదే ఇక గొర్రెలకూ వేస్తారని రెండు వాక్యాల్లో తేల్చేస్తున్నారు. సొమ్ము లెక్క తేలాల్సిందే. మందలోకి ఏ పొట్టేలు వచ్చింది, ఏ పొట్టేలు పోయింది అన్న లెక్క మాత్రం అంతకంటే ఎక్కువ కాలం మనల్ని వెంటాడుతుంది. దాన్ని అడుగుతున్నవారే కనబడరు.

2017 జూన్ 20న కొండపాకలో మొదలైన పథకం యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చింది. జీవాలను రాష్ట్రం బయటే కొనాలని నిబంధన పెట్టింది. 2012లో 1.28 కోట్లున్న గొర్రెలు 2019 పశుగణన నాటికి 1.91 కోట్లయ్యాయి, తెలంగాణ దేశంలోనే ముందు నిలిచింది. తలల లెక్క బాగానే ఉంది. కానీ ఆ ఇరవై గొర్రెలకు పుట్టే ప్రతి పిల్లలో సగం వారసత్వం ఆ ఒక్క పొట్టేలుదే. దాని తల్లిదండ్రులెవరో చెప్పే కాగితం సంతలో దొరకదు. కురుమలు తరతరాలుగా సాకుతున్న నల్ల దక్కనీ, గొంగడికి ఉన్ని ఇచ్చే ఆ గొర్రె, పొడుగు కాళ్ల నెల్లూరు రకంతో కలిసి పల్చబడడం 2017కు ముందే మొదలైంది. బయటే కొనాలన్న నిబంధన దానికి సర్కారు ముద్ర వేసింది. దక్కనీ పొట్టేలు వీర్యాన్ని భద్రపరచాల్సిన అవసరం ఇక్కడే పుట్టింది.

అయితే ఎలా భద్రపరచాలి? ఆవుకైతే పేగులోంచి చెయ్యి పెట్టి గర్భాశయ ముఖద్వారాన్ని పట్టుకుని గన్ను లోపలికి పంపిస్తారు. గొర్రెకు ఆ వీలు లేదు. పైగా దాని ముఖద్వారంలో నాలుగు నుంచి ఏడు మడతలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి. వీర్యాన్ని అంచున వదిలి రావాల్సిందే. అక్కడి నుంచి ఈదుకుంటూ పోయే సత్తువ తాజా శుక్రకణానికి ఉంటుంది. గడ్డకట్టి కరిగిన కణానికి అంతగా ఉండదు. అందుకే ఘనీభవించిన వీర్యాన్ని అంచున వేస్తే మన జాతుల్లో చూడి కట్టేవి తక్కువ. ల్యాప్రోస్కోపీతో నేరుగా గర్భాశయంలో వేస్తే ఫలితం బాగుంటుంది. అలాగని గడ్డకట్టించే విద్యలో లోపం లేదు. సిడ్నీ విశ్వవిద్యాలయంలో స్టీవెన్ సాలమన్ 1968లో గుళికలుగా నిల్వ చేసిన మెరీనో వీర్యాన్ని యాభై ఏళ్ల తర్వాత 56 గొర్రెలకు వేస్తే 34 చూడి కట్టాయి. మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో కాలం ఆగిపోతుంది. చిక్కంతా ఆ వీర్యాన్ని గొర్రెలోకి చేర్చడంలోనే.

రోజువారీ పనికి రెండో దారి ఉంది: చల్లార్చిన ద్రవ వీర్యం. గోరువెచ్చని నీళ్లు నింపిన రబ్బరు గొట్టంలోకి పొట్టేలు ఒక్క దూకులో వీర్యం వదులుతుంది. గాజు గిన్నెలో చేరేది మీగడలా చిక్కగా ఒక మిల్లీలీటరు. అందులో మూడు వందల కోట్లకు పైగా కణాలుంటాయి. సూక్ష్మదర్శిని కింద అలలు అలలుగా సుడులు తిరుగుతాయి. గుడ్డు పచ్చసొన కలిపిన ద్రావణంలో పలుచన చేసి, తొందరపడకుండా 5 డిగ్రీలకు దించాలి. హఠాత్తుగా చల్లబరిస్తే పొట్టేలు కణాల పొర చిట్లిపోతుంది. మెల్లగా దించితే ఒకసారి తీసినది ఇరవై గొర్రెలకు వస్తుంది, దాదాపు ఒక రోజు నిలుస్తుంది. రాజస్థాన్‌లోని అవికానగర్ కేంద్ర గొర్రెల పరిశోధన సంస్థ హార్మోన్ స్పాంజీలతో గొర్రెలను ఒకేసారి ఎదకు తెచ్చి ఈ పద్ధతే నడిపిస్తోంది. ఫ్రాన్స్‌లో లకోన్ గొర్రెలకు ఏటా లక్షల సంఖ్యలో గర్భధారణ చేయిస్తున్నదీ గడ్డకట్టించని వీర్యంతోనే.

ఇక వార్తల్లో ఎన్నడూ రాని విషయం: ఈ పని ఎవరు చేయవచ్చు? 1984 భారత పశువైద్య మండలి చట్టం సెక్షన్ 30 ప్రకారం నమోదైన పశువైద్యులు తప్ప వేరెవరూ పశువైద్యం చేయకూడదు. ఒక్క మినహాయింపు ఉంది. డిప్లొమా, సర్టిఫికెట్ ఉన్న సిబ్బందిని వైద్యుల పర్యవేక్షణలో 'చిన్నపాటి సేవల'కు రాష్ట్రం అనుమతించవచ్చు. టీకాలు, విత్తులు కొట్టడం, గాయాలకు కట్టు కట్టడం పేర్లు చట్టంలోనే ఉన్నాయి. అలాంటి ఇతర ప్రాథమిక సేవలను రాష్ట్రం గెజిట్‌లో పేర్కొనవచ్చు. కృత్రిమ గర్భధారణ పేరు ఆ వివరణలో లేదు. ఈ సెక్షన్ చెల్లుతుందని సుప్రీంకోర్టు 2007లో ఉదయ్ సింగ్ డాగర్ కేసులో తేల్చింది.

కృత్రిమ గర్భధారణ చికిత్సే కాదు కాబట్టి గెజిట్ ఎందుకని కొందరు వాదిస్తారు. ఆవుల విషయంలో ఆ వాదన నడవవచ్చు. గొర్రెలకు మాత్రం పన్నెండు రోజుల హార్మోన్ స్పాంజీ, ఆ తర్వాత ఎద సూది మందు కావాలి. మందు వచ్చినచోట వైద్యుడి చీటీ తప్పదు. నా దృష్టిలో చట్టం గీసిన గీత స్పష్టం: పొట్టకు రంధ్రం పెట్టే ల్యాప్రోస్కోపీ ఎన్నటికీ చిన్నపాటి సేవ కాదు, ముఖద్వారం అంచున చల్లార్చిన వీర్యం వేయడాన్ని రాష్ట్రం ఆ జాబితాలో చేర్చవచ్చు, చేర్చాలి. నార్వేలో శిక్షణ పొందిన రైతులే ఘనీభవించిన వీర్యం వేసుకుంటున్నారని చూపిస్తారు. అక్కడి గొర్రె జాతి దానికి అనువైనది; మన జాతికి, మన చట్టానికి ఆ కొలత పట్టదు.

2021లో సవరించిన జాతీయ పశుసంపద మిషన్ ప్రాంతీయ వీర్య ప్రయోగశాలలకు, రాష్ట్ర వీర్య బ్యాంకులకు చోటిచ్చింది, అది మంచిదే. ఆవులు, గేదెల కేంద్రాల ద్వారానే గొర్రెలకూ సేవ అందించాలన్నచోట తప్పటడుగు వేసింది. పాలరైతు ఎదకొచ్చిన ఆవును తోలుకొని కేంద్రానికి వస్తాడు. గొల్ల మందను వదిలేసి ఒక్క గొర్రెను నిజామాబాద్ జిల్లా బోధన్‌లోని కేంద్రానికి మోసుకురాడు. 2015 డిసెంబరులో అక్కడి నిజాం షుగర్స్ మూతపడ్డాక చెరకు తగ్గి వరి పెరిగిన నిజాంసాగర్ ఆయకట్టులో, కోతలయ్యాక మందలు పొలాల్లో దిగుతాయి. ఎరువు కోసం రైతులే మంద పెట్టించుకుంటారు. స్పాంజీ పెట్టిన నాటి నుంచి వీర్యం వేసే దాకా పట్టే రెండు వారాలు మంద ఒక చుట్టుపక్కల దొరికేది అప్పుడే. సేవ ఆ అదనుకు పొలం గట్టుకే పోవాలి.

కాబట్టి నిజామాబాద్‌కు కావాల్సింది ముందుగా పొట్టేళ్ల కేంద్రం. కురుమల మందల నుంచే దక్కనీ పొట్టేళ్లను వంశం రాసుకొని, రోగ పరీక్షలు చేసి, సరైన ధరకు తీసుకోవాలి. చల్లార్చిన వీర్యం మందలకు, ఘనీభవించిన వీర్యం జాతికి బీమాగా బ్యాంకుకు పోవాలి. ఈ రెంటినీ కలిపేస్తే నత్రజని క్యాన్లు నిండుతాయి, గొర్రెలు చూడి కట్టవు. నిధులకు కేంద్రం దారి చూపింది. గెజిట్ రాష్ట్రం చేతిలో ఉంది. పని చేసేదెవరో ఆ గెజిట్ చెప్పేదాకా వీర్య బ్యాంకు ప్రకటనను పథకంగా లెక్కించకూడదు.