రోడ్డుకి పెంకుటిల్లు

2005లో నాన్నగారూ అమ్మా మొదటిసారి అమెరికా వచ్చారు. అయోవాలో ఉండే ప్రతి తెలుగువాడికీ అప్పుడొక చిక్కు వస్తుంది - వీళ్ళకి ఏం చూపించాలి? నయాగరా ఒక రోజు ప్రయాణం. డిస్నీ ఇంకా దూరం. (డిమోయిన్ ని మొదటి నెలంతా డెస్ మొయినెస్ అని పిలిచినవాణ్ణి, నాకే ఈ రాష్ట్రం గురించి అంతంత మాత్రం తెలుసు.) ఇక్కడ ఉన్నదల్లా మొక్కజొన్న, సోయాబీన్సు, పందులు, ఇన్సూరెన్సు కంపెనీలు. మొదటి మూడూ కారు అద్దంలోంచే చూసేశారు. నాలుగోది నాకు అన్నం పెడుతోంది గానీ చూడ్డానికి ఏమీ ఉండదు.

చివరికి ఒక శనివారం పులిహోర కట్టుకుని మాడిసన్ కౌంటీ వంతెనలకి బయల్దేరాం. డిమోయిన్ నుంచి నైరుతిగా నలభై మైళ్ళ లోపే వింటర్‌సెట్ అనే చిన్న ఊరు. జాన్ వేన్ పుట్టిన ఊరు. అక్కడ నుంచి కంకర రోడ్ల మీద దుమ్ము లేపుకుంటూ వెళ్తే రోజ్‌మన్ వంతెన వస్తుంది. ఎర్ర రంగు చెక్క గోడలు, పైన కప్పు, రెండు వైపులా గుమ్మాల్లాంటి నోళ్ళు, కింద మిడిల్ రివర్ అనే ఒక బుల్లి ఏరు. నాన్నగారు కారు దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, కాసేపు చూసి అన్నారు:

"ఇదేవిట్రా, రోడ్డుకి పెంకుటిల్లు కట్టారు?"

నేను నవ్వాను గానీ జవాబు నా దగ్గర లేదు. మంచు పడకుండా అనుకున్నాను. గుర్రాలు నీళ్ళు చూసి బెదరకుండా అని ఎవరో అంటే విన్నాను. అసలు సంగతి అక్కడ ఉన్న బోర్డు మీద రాసి ఉంది. వంతెన బరువంతా మోసేవి, అడుగున ఉండేవి, పెద్ద పెద్ద దూలాలు. అవి వానకి తడిసి ఎండకి ఎండితే పుచ్చిపోతాయి. వాటిని మార్చాలంటే బోలెడు ఖర్చు. పక్క చెక్కలూ పైకప్పూ మార్చటం చవక. అందుకని చవకైన చెక్కతో ఖరీదైన చెక్కకి గొడుగు పట్టారు. అంతే. నేను తెలుగులో చెప్పటం పూర్తయ్యేలోగానే నాన్నగారు తల ఊపేశారు.

"తాటాకు మారుస్తుంటే నిట్టాడు నిలుస్తుంది. మన పాకలకీ అంతేగా."

ఈ వంతెనల గురించి నేను తర్వాత చదివిన ఏ వ్యాసంలోనూ ఇంతకన్నా మంచి వివరణ కనపడలేదు. నిట్టాడంటే ఏమిటో తెలియని పట్నం పిల్లల కోసం - పాక మధ్యలో నిలబడి వెన్నుగాడిని మోసే గుంజ.

ఈ కౌంటీలో ఒకప్పుడు ఇలాంటివి 19 ఉండేవి. ఇప్పుడు ఆరు. రోజ్‌మన్, హాలివెల్, హాగ్‌బ్యాక్, ఐమ్స్, కట్లర్-డొనహో, సీడర్. చాలా పేర్లు పక్కన పొలం ఉన్న రైతు ఇంటిపేర్లే. మన ఊళ్ళో "ఫలానావారి చెరువు గట్టు" అన్నట్టు. ఐమ్స్ 1870 నాటిది, ఉన్నవాటిలో పెద్దది వయసులో. హాలివెల్ 1880, పొడుగులో పెద్దది, 122 అడుగులు. లోపలికి వెళ్ళి చూస్తే పక్క గోడలు జల్లెడ అల్లినట్టుంటాయి. ఐతియల్ టౌన్ అనే ఆయన 1820లో పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది. పొడుగాటి పలకల్ని ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి అడ్డంగా వేసి చెక్క మేకులతో బిగించటం. మహా దూలాలు అక్కర్లేదు, మహా వడ్రంగులూ అక్కర్లేదు. ఊళ్ళో వాళ్ళే కట్టుకోవచ్చు, ఊళ్ళో వాళ్ళే బాగుచేసుకోవచ్చు. రెండోదే నాకు ముఖ్యం అనిపిస్తుంది, ఎందుకో చెప్తాను.

(రోజ్‌మన్ కి ఒక దెయ్యం కథ కూడా ఉంది. 1892లో జైలు నుంచి పారిపోయిన ఒకతన్ని రెండు వైపుల నుంచీ తరుముకొచ్చి ఈ వంతెనలో ఇరికించారట. అతను పెద్ద కేక పెట్టి కప్పులోంచి పైకి లేచి మాయమైపోయాడట. అలా పోగలిగినవాడు తప్పకుండా నిర్దోషే అయ్యుంటాడని ఊరు తీర్మానించిందట. ఈ తీర్పు మా అమ్మకి బాగా నచ్చింది.)

ఈ వంతెనల పేరు ప్రపంచానికి తెలిసింది మాత్రం 1992లో రాబర్ట్ జేమ్స్ వాలర్ రాసిన నవల వల్ల, 1995లో క్లింట్ ఈస్ట్‌వుడ్, మెరిల్ స్ట్రీప్ ల సినిమా వల్ల. ఒక రైతు భార్య, వంతెనల ఫొటోలు తీయటానికి వచ్చిన ఒక ఫొటోగ్రాఫరు, నాలుగు రోజుల ప్రేమ. నవల గురించి నా అభిప్రాయం నా దగ్గరే ఉంచుకుంటాను. సినిమా బావుంటుంది. వంతెనకి ప్రేమ కథ తగిలిస్తే దాని ఆయుష్షు పెరుగుతుందన్నది మనకి కొత్త కాదు. హైదరాబాదులో మూసీ మీద పురానాపూల్ 1578లో కట్టారు. రాకుమారుడు కులీ వరదలో ఈదుకుంటూ భాగమతి కోసం వెళ్తుంటే చూడలేక తండ్రి కట్టించాడని చెప్పుకుంటారు. ఆ ఏటికి కులీ వయసు పన్నెండూ పదమూడూ మధ్య! లెక్క కుదరదు. కుదరకపోయినా కథ పోలేదు, 22 కమానుల వంతెనా పోలేదు. 1908 వరద దెబ్బ తిని కూడా నిలబడి, దాని మీద కూరగాయల బజారు పెట్టుకునేదాకా వచ్చింది.

మాడిసన్ కౌంటీ విషయంలో ఒక న్యాయం చెప్పుకోవాలి. సినిమా వచ్చాక డబ్బు కోసం వీళ్ళు వంతెనల్ని పట్టించుకున్నారనుకుంటే తప్పు. రోజ్‌మన్, హాగ్‌బ్యాక్ ల పెద్ద మరమ్మతులు 1992లోనే అయ్యాయి. అంటే పుస్తకం ఇంకా అచ్చులో వేడిగా ఉన్నప్పుడే, టూరిస్టుల బస్సులు ఇంకా రాకముందే. అక్టోబరులో వంతెనల పండగ అంతకు చాలా ముందు నుంచీ చేసుకుంటున్నారు. ఈ కౌంటీ మొత్తం జనాభా మా గోదావరి జిల్లాలో ఒక పెద్ద పంచాయితీకి మించదు, పదహారు పదిహేడు వేలు.

అలాగని వీళ్ళందరూ దేవతలు కారు. ఈ వంతెనల్ని వానలూ వరదలూ చేసిన నష్టం సరే, మనుషులు తగలబెట్టినవీ ఉన్నాయి. 1983లో మెక్‌బ్రైడ్ వంతెనని ప్రేమలో దెబ్బ తిన్న ఒక కుర్రాడు కాల్చేశాడు. తన పేరూ ఆ అమ్మాయి పేరూ దాని మీద చెక్కుకున్నాడట, చెరపటానికి అంతకన్నా దారి కనపడలేదు కాబోలు. చూశారా, ప్రేమ కథ వంతెన ఆయుష్షు తీసేయటం కూడా ఉంది.

ఇక సీడర్ వంతెన. 1883లో బెంటన్ జోన్స్ కట్టినది, 76 అడుగులు. నవల అట్ట మీద ఉన్న బొమ్మ దీనిదే. కౌంటీలో చివరిదాకా కారు తోలుకుంటూ దాటగలిగిన కప్పు వంతెన ఇదొక్కటే. 1998లో లక్షా పాతిక వేల డాలర్ల పైన పెట్టి బాగుచేశారు. నాలుగేళ్ళు తిరగకుండా 2002 సెప్టెంబరు 3న ఎవరో తగలబెట్టారు. నేను డిమోయిన్ వచ్చి అప్పటికి ఏడాది. ఆఫీసులో జనం ఆ పొద్దున్న చావు కబురు చెప్పుకున్నట్టు చెప్పుకోవటం చూసి, ఒక చెక్క వంతెనకి ఇంత గొడవేమిటి అనుకున్నాను. పాత నక్షాల ప్రకారం మళ్ళీ కట్టి 2004లో తెరిచారు. మా నాన్నగారు చూసింది ఆ కొత్త పాత వంతెననే. 2017 ఏప్రిల్లో అదీ కాలిపోయింది. ఈసారి పట్టుబడింది పద్దెనిమిదేళ్ళు దాటీ దాటని ముగ్గురు పిల్లలు.

అప్పుడు మొదలైంది అసలు వాదన. మా టీములో వింటర్‌సెట్ వైపు నుంచి రోజూ కారేసుకుని వచ్చే పెద్దాయన ఒకడున్నాడు. రైతు కొడుకు. "మూడోసారి కట్టాలిట! కాలిపోయిందే నకలు. నకలుకి నకలు కట్టి దాన్ని చారిత్రకం అంటే ఎవర్ని మోసం చెయ్యటానికి? ఆ డబ్బుతో ఎన్ని మైళ్ళ కంకర రోడ్డు బాగవుతుందో తెలుసా?" అన్నాడు. మిగిలిన ఐదు వంతెనలూ జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో ఉన్నాయి, సీడర్ లేదు. ఆయన వాదనకి ఆ జాబితా సాక్ష్యం. నేను కట్టాలి అన్నాను. "నీ పన్ను కాదుగా, అలాగే అంటావు," అన్నాడు. నిజమే, నాది వేరే కౌంటీ.

అయినా నేను ఆ మాట మీదే ఉన్నాను. ఆయన లెక్కలో తప్పు ఎక్కడుందంటే, వంతెన అంటే ఆ చెక్కలే అనుకోవటంలో ఉంది. కప్పు వంతెనలో చెక్కలు మారటం ప్రమాదం కాదు, దాని పద్ధతే అది. మొదటి రోజు నుంచీ మార్చటం కోసమే కప్పు వేశారు. రోజ్‌మన్ లో ఈరోజు మనం చేత్తో తడిమే పలకల్లో 1883 నాటివి ఎన్ని ఉంటాయి? అందరూ దాన్ని అసలుదే అంటారు, ఎందుకంటే దాన్ని కొద్దికొద్దిగా మార్చారు. సీడర్ ని ఒక్కసారిగా మార్చవలసి వచ్చింది. దీన్ని జాబితా రాసేవాళ్ళు వేరు చేసి చూడాలి, అది వాళ్ళ పని, ఒప్పుకుంటాను. కానీ ఆ పలకల్ని అలా అల్లటం తెలిసిన మనుషులు ఉండాలంటే, అప్పుడప్పుడూ ఒకటి కట్టాలి కదా. గాజు పెట్టెలో పెట్టిన వంతెన్ని బాగుచెయ్యటం ఎవరికీ రాదు. ఇది నాకు ఉద్యోగం నేర్పిన పాఠం కూడా. నేను పని చేసే చోట 1970ల నాటి కోబాల్ ప్రోగ్రాములు ఇంకా రోజూ రాత్రి నడుస్తాయి. దాన్ని మొత్తం తీసేసి కొత్తది పెడతామని మూడు ప్రాజెక్టులు వచ్చి వెళ్ళాయి. అది మాత్రం ఉంది, ఎందుకంటే ఎవరో ఒకరు ప్రతి నెలా దానిలో నాలుగు లైన్లు మారుస్తూ వచ్చారు. ఈ పదిహేనేళ్ళుగా ఆ ఎవరో ఒకణ్ణి నేను.

సీడర్ ని మళ్ళీ కట్టారు. 2019లో తెరిచారు. మా పెద్దాయన ఆ ఆదివారమే మనవళ్ళని తీసుకెళ్ళి వచ్చాడని నాకు తర్వాత తెలిసింది. నేనేమీ అనలేదు.

ఇప్పుడు అసలు నా గొడవ. ఇంతసేపూ అయోవా కథ చెప్పటం దీని కోసమే.

రాజమండ్రిలో హేవలాక్ వంతెన ఉంది. మద్రాసు గవర్నరు పేరు పెట్టారు గానీ ఊళ్ళో అందరికీ పాత రైలు వంతెన. 1897లో పని మొదలుపెట్టి 1900లో రైలు నడిపారు. రాతి స్తంభాలు, ఇనుప గర్డర్లు, 56 ఖానాలు. మద్రాసు నుంచి కలకత్తా దాకా రైలు ఆగకుండా పోయేలా గోదావరిని దాటించింది అదే. 1997లో పక్కన ఆర్చి వంతెన వచ్చాక దీని మీద రైళ్ళు ఆపేశారు. నూరేళ్ళు చేసిన చాకిరీ! మా చిన్నప్పుడు ఆ వంతెన ఎక్కగానే రైలు చప్పుడు మారిపోయేది, అమ్మ కొంగుముడి విప్పి పావలాలు తీసేది, నేను నదిలోకి విసరబోతే అవి గర్డరుకి తగిలి ఠంగుమనేవి.

నాన్నగారు రైల్వేలో వంతెనల సెక్షన్లో గుమాస్తా. ఎన్ని పీపాల ఎర్ర ఆక్సైడు, ఎన్ని పీపాల అల్యూమినియం రంగు, ఎన్ని రివెట్లు, ఎంతమంది కూలీలు - ఇది ఆయన జీవితం. ఒక కొస నుంచి రంగు వేసుకుంటూ రెండో కొసకి వెళ్ళేసరికి మొదటి కొసలో మళ్ళీ మొదలుపెట్టాలి అనేవారు. అంత లెక్క రాసినాయన ఆ వంతెన మీద నడవలేదు. ఆయన పని బల్ల దగ్గర. రిటైరయ్యాక నడుద్దామనుకున్నారు, అప్పటికి దాన్ని మూసేశారు. రోజ్‌మన్ లోపల ఈ చివర నుంచి ఆ చివరకి నాలుగుసార్లు నడిచి, వేలితో చెక్కల సందులు చూసుకుంటూ, "దీని రిజిస్టరు ఎవరు రాస్తారో" అన్నారు. 2012లో పోయారు.

హేవలాక్ ని తుక్కు కింద అమ్మేద్దామన్న మాట ఒకప్పుడు వచ్చింది. నడక దారి చేద్దామన్నారు. తోటలన్నారు, హోటళ్ళన్నారు. 2025లో అఖండ గోదావరి అని శంకుస్థాపన చేసిన పర్యాటక పథకంలో ఈ వంతెన కూడా ఉంది. మంచిదే, సంతోషం. కానీ 1997కీ 2025కీ మధ్య ఇరవై ఎనిమిదేళ్ళు. ఇనుము పథకాల కోసం ఆగదు. ఏటా తాటాకు మార్చని పాకకి నిట్టాడు మాత్రం ఎన్నాళ్ళు ఆగుతుంది? మన దగ్గర పాతదాన్ని కాపాడటమంటే లైట్లూ ఫౌంటెన్లూ పెట్టి ప్రారంభోత్సవం చెయ్యటమే, లేకపోతే వదిలేయటం. నడిమధ్య ఉన్న పని, అంటే ఏడాదికోసారి వెళ్ళి గోకి రంగు వెయ్యటం, దానికి శిలాఫలకం ఉండదు కాబట్టి ఎవరికీ పట్టదు. వంతెన సైజు వేరు, పోల్చకూడదు అంటారా? ఒప్పుకుంటాను. 76 అడుగుల చెక్క వంతెనా, రెండున్నర కిలోమీటర్ల పైనున్న ఇనుప వంతెనా ఒకటి కాదు. అందుకే నేను మొత్తం అడగటం లేదు. రాజమండ్రి ఒడ్డు వైపు ముందు ఒక్క ఖానా తీసుకోండి. తుప్పు గోకి, రంగు వేసి, కింద గట్టి పలకలు పరిచి, రెండు వైపులా కటకటాలు పెట్టి, ఊళ్ళో వాళ్ళని సాయంత్రాలు నడవనివ్వండి. హోటలు వద్దు. నడిచేవాళ్ళే మరుసటి ఏడు రంగు ఎందుకు వెయ్యలేదని అడుగుతారు. రెండో ఖానా సంగతి అప్పుడు చూసుకోవచ్చు.

ఒక ఖానాకి ఎన్ని పీపాల రంగు పడుతుందో నాకు తెలీదు. నాన్నగారుంటే ఆ సాయంత్రానికే లెక్క వేసి, కింద గీత గీసి ఇచ్చేవారు.